హెడ్ దింపుతానంటున్న మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "వ్యాన్ ఇంజిన్ వాడే విప్పుతాడట, నువ్వయినా చెప్పు అన్నయ్యా" అంది. వద్దని చెబుతాననుకుంది పాపం. ఫోన్ పెట్టేశాక కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

ముందు తిట్లు తిను. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటాక కూడా "ఎంత, వచ్చేశాంగా" అని బండి తోలావట. అప్పుడే పోయి ఉంటుంది గాస్కెట్, అదే, సిలిండర్లుండే బ్లాక్‌కీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య పరిచే రేకు. డీజిల్ ఇంజిన్‌లో గాలిని మామూలుగా 16 నుంచి 22 రెట్లు నొక్కి, ఆ వేడితోనే మంట పుట్టిస్తారు. ఆ ఒత్తిడికీ, పక్కనే పారే నీళ్లకీ, ఆయిల్‌కీ మధ్య అడ్డం ఆ పల్చటి రేకొక్కటే. పైగా హెడ్ అల్యూమినియం, బ్లాక్ ఇనుము అయితే, వేడికి హెడ్ దాదాపు రెండింతలు సాగుతుంది. సాగి వంగిన హెడ్ కింద రేకు ఏం పట్టుకుంటుంది?

అసలు పోయింది గాస్కెట్టేనని తేల్చుకున్నావా? ఆయిల్ మూత కింద మీగడలాంటిది కనిపించిందని మాత్రమే చెప్పకు, చెమ్మ చేరినా అలాగే ఉంటుంది. బయట ఎక్కడా కారకుండా నీళ్లు తగ్గుతున్నాయా, ఇంజిన్ ఆడుతుంటే నీళ్ల ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తున్నాయా, అవి చూడు. బండి ఎందుకు వేడెక్కిందో కూడా తేలాలి. థర్మోస్టాట్, వాటర్ పంప్, ఫ్యాన్, రేడియేటర్, వీటిలో దోషి దొరక్కుండా కొత్త గాస్కెట్ వేశావంటే నెల తిరక్కుండా మళ్లీ విప్పుతావు.

ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకు. లోపల ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తీసిన క్షణంలో ఆవిరై మీద పడతాయి. నా మోచేతి మీద మచ్చ చూసి, "ఇది ఏ దేశం మ్యాపు మామయ్యా" అనేవాడివి గుర్తుందా? అది రేడియేటర్ దేశంరా.

బ్యాటరీ తీయడం, నీళ్లు వదలడం, ప్రతి పైపుకీ ఫోటో తీసుకోవడం నీకు చెప్పక్కర్లేదు. హెడ్ బోల్టులు పూర్తిగా చల్లారాకే, చివర్ల నుంచి మధ్యకి, కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. హెడ్ ఒక్కడివే ఎత్తకు. దింపాక చెక్కల మీద పెట్టు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మొనలు కిందికి పొడుచుకుని ఉంటాయి.

హెడ్ వంపుని, తిన్నటి ఇనప పట్టీ (స్ట్రెయిట్ ఎడ్జ్) పెట్టి, కింద సందుని ఫీలర్ గేజ్ పల్చటి రేకులతో కొలవాలి, కంటితో కాదు. ఎంతవరకు ఫరవాలేదో నీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉంటుంది. ఫేసింగ్, అంటే చెక్కి చదును, చేయకూడని హెడ్లు కూడా ఉన్నాయి, అదీ చూసుకో. పగులు ఉందేమో ప్రెషర్ టెస్ట్ చేయించు. పాత గాస్కెట్ అంచు మీద గాట్లో, చిల్లులో ఉంటాయి, లెక్కపెట్టు. అవి మందాన్ని చెబుతాయి. పల్చటిది వేస్తే పిస్టన్ పైకి తగలొచ్చు, మందంది వేస్తే స్టార్టింగ్‌కి ఏడిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఇది మీ అత్తయ్యకి కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను పనిలో చేరిన మూడో ఏడు. ఇలాంటి నాలుగు సిలిండర్ల డీజిల్ వ్యానే. యజమాని తెల్లారేసరికి బండి కావాలని స్టూలేసుకుని కూర్చున్నాడు. హెడ్ లేపేటప్పుడు మిగిలిన నీళ్లు బోల్టు రంధ్రాల్లోకి దిగాయి. ఆ రంధ్రాలకి అడుగు మూసి ఉంటుంది. నేను పైపైన గుడ్డతో తుడిచి, బ్లాక్ ఎంత మెరుస్తోందో అని మురిసిపోయాను. గాస్కెట్ పరిచి, హెడ్ కూర్చోబెట్టి బిగిస్తూ వచ్చాను. తొమ్మిది బోల్టులు చేతికి ఒకేలా తగిలాయి. వెనక మూల పదోది తొందరగా బిగుసుకుంది. ఏదో తేడాగా ఉందని చెయ్యి చెబుతూనే ఉంది. బిగింపు సరిపోయిందని టార్క్ రెంచ్ టక్కుమంది కదా అని నేను వినలేదు. చివరి తిప్పు తిప్పుతుంటే లోపల చిన్న చప్పుడు, గోరు విరిగినట్టు. సాకెట్ జారిందనుకున్నాను.

నీళ్లు నొక్కితే అణగవు. బోల్టు దిగేకొద్దీ అడుగున ఉన్న ఆ చెంచాడు నీళ్లు ఎటూ పోలేక ఇనుమునే చీల్చాయి. ఇంజిన్ శుభ్రంగా స్టార్ట్ అయింది. వేడెక్కాక టార్చి వేసి చూస్తే, బ్లాక్ పక్కన వెంట్రుకంత గీత, దాని వెంట వరసగా నీటి చుక్కలు. తుడిచాను. మళ్లీ వచ్చాయి. మళ్లీ తుడిచాను. మా మేస్త్రీ వచ్చి భుజం మీదుగా చూసి, ఒక్క మాట అనలేదు. నా చేతిలోంచి టార్చి తీసుకుని ఆపేశాడు. ఆ బ్లాక్ డబ్బు ఏడాది పాటు నా జీతంలోంచి పోయింది. డబ్బు మర్చిపోయాను గానీ ఆ టార్చి ఆపడం మర్చిపోలేదు.

అందుకని, ఒక పాత హెడ్ బోల్టుకి మరల (థ్రెడ్ల) మీదుగా హాక్సాతో నిలువు గాడి కోసి, ప్రతి రంధ్రంలోకీ చేత్తోనే దింపి తియ్యి, మురికి వచ్చేస్తుంది. సిరంజితో నీళ్లు లాగు. గుడ్డ అడ్డం పెట్టి, కళ్లజోడు పెట్టుకుని గాలి కొట్టు. తర్వాత పుల్లకి దూది చుట్టి అడుగు దాకా దింపు.

బిగించేది మధ్య నుంచి చివర్లకి. సాగే రకం బోల్టులైతే కొత్తవే వెయ్యి. స్టార్టర్ కొట్టే ముందు ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూడు. ఆయిల్, ఫిల్టర్ మార్చు. కూలెంట్ పోశాక హీటర్ పూర్తిగా తెరిచి, లోపలి గాలి తీసెయ్యి. డీజిల్ పైపులు కారుతున్నాయేమోనని వేలు పెట్టి మాత్రం చూడకు, ఆ ఒత్తిడికి చర్మంలోకి దూసుకుపోతుంది.

పన్నెండో నంబర్ పానా అడిగితే పదమూడు తెచ్చి, "ఇది పెద్దది మామయ్యా, బాగా పట్టుకుంటుంది" అనేవాడివి. వాడు హెడ్ దింపుతాడట!

బోల్టులు పెట్టే రోజు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టుకో. నేనేమీ మాట్లాడను. ఒక్కో రంధ్రంలోంచి దూది తీసి "పొడి" అని చెబితే చాలు. వెనక మూలది మాత్రం రెండుసార్లు చెప్పు.

మీ మామయ్య