రోజూ గంట నడిచే నాన్నగారు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎందుకు లేవలేకపోతున్నారు?

మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారికి 74 ఏళ్ళు. రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తారు, షుగరు అదుపులోనే ఉంది. అయినా ఈ మధ్య కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవలేకపోతున్నారు. ఫిజియోథెరపిస్టు కాళ్ళకు బరువులు కట్టి వ్యాయామం చేయమంటే, ఈ వయసులో బరువులేమిటని ఇంట్లో అందరూ అడ్డుపడుతున్నారు. నా సమాధానం ముందే చెప్పేస్తాను: నడక మానిపించకండి, బరువులు మొదలుపెట్టించండి. నేను డాక్టరును కాదు. మా అమ్మను దగ్గరుండి చూసుకుంటూ, ఆ అవసరం కొద్దీ ఈ పరిశోధనలు చదివినవాణ్ణి.

నడకతో గుండెకు, షుగరుకు, నిద్రకు మేలు జరుగుతుంది. కానీ చదునైన రోడ్డు మీద నడిచేటప్పుడు తొడ కండరాలకు వాటి శక్తిలో కొంత భాగం వాడితే సరిపోతుంది. కుర్చీలోంచి లేవాలంటే దాదాపు ఒంటి బరువంతా తొడలు, పిరుదులే ఎత్తాలి. ఏ కండరమైనా తనకు అలవాటైన దానికంటే ఎక్కువ బరువు మోసినప్పుడే బలపడుతుంది. అందుకే ఏళ్ళ తరబడి క్రమం తప్పకుండా నడిచేవారికి కూడా తొడల్లో సత్తువ తగ్గిపోవచ్చు. మా వీధి చివరి పార్కులో పొద్దున పూట ఒకసారి కూర్చుని చూడండి. చకచకా నడిచే పెద్దవాళ్ళే బెంచీ మీద నుంచి లేవడానికి రెండు మూడుసార్లు ఊగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేస్తుంటారు.

మా అమ్మకు ఈ పరిస్థితి ఒక్కసారిగా వచ్చింది. డెబ్బై దాటాక డెంగీ జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, ఇంటికి పంపేశారు. తీరా ఇంటికొచ్చాక చూస్తే మంచం మీద నుంచి తనంతట తాను లేవలేకపోయింది. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే సలహా: బాగా నీరసించింది, కదలనివ్వకండి. 2007లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఆ సలహా ఎంత చేటు చేస్తుందో చూపించింది. సగటున 67 ఏళ్ళ వయసున్న ఆరోగ్యవంతులను పది రోజులు మంచం మీదే ఉంచితే, ఒక్క కాళ్ళలోనే దాదాపు కిలో కండ కరిగిపోయింది. వాళ్ళకు జ్వరం లేదు, అన్నం సయించకపోవడం లేదు. ఊరికే పడుకున్నారు, అంతే. ఇక జబ్బుపడిన మనిషి సంగతి చెప్పాలా?

ఆ సమయంలో ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు అమ్మ చేత మొట్టమొదట చేయించింది నడక కాదు. దివాన్ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, అక్కడి నుంచి చేతులు వాడకుండా లేచి కూర్చోమన్నారు. కొన్నాళ్ళకు ఒక దిండు తీసేశారు, తర్వాత రెండోది. ఆ పైన చీలమండలకు ఇసుక సంచులు కట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి కాలు చాపించారు. బరువు అరకిలోతో మొదలై మెల్లగా పెరిగింది. ఆ మెల్లగా పెరగడమే ఇందులో అసలు కీలకం. ఆరు నెలలపాటు అదే అరకిలోతో కాళ్ళు ఊపుతూ కూర్చుంటే అది కాలక్షేపమే అవుతుంది.

వయసు గురించిన భయానికి 1990లోనే ఒక జవాబు వచ్చింది. బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలి బృందం తొంభై ఏళ్ళ వయసువారిని పది మందిని తీసుకుని ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించింది. నామమాత్రపు బరువులు కావవి. ఒక్కొక్కరు గరిష్ఠంగా ఎత్తగలిగినదానిలో 80 శాతం దాకా తీసుకెళ్ళారు. తొమ్మిది మంది చివరిదాకా నిలిచారు. వారి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. అదే బృందం 1994లో సగటున 87 ఏళ్ళ వయసున్న వందమందితో మరో పరీక్ష చేసింది. అందులో వ్యాయామం చేసినవారి బలం 113 శాతం పెరిగింది. వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం మాత్రమే తాగినవారికి దానివల్ల బలం పెరగలేదు. పెద్దవాళ్ళ నీరసానికి మందు అంటూ టీవీల్లో అమ్మే డబ్బా పొడులు కొనేవారు ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుంచుకుంటే చాలు.

అయితే ఈ శాతాలు చూసి మురిసిపోకండి. బాగా అడుగు నుంచి మొదలైన బలం రెట్టింపు కావడం పెద్ద వింత కాదు. రెండో పరీక్షలో నడక వేగం పెరిగింది సుమారు 12 శాతమే. కానీ మనిషి సాయం లేకుండా స్నానాల గదికి వెళ్ళి రావడానికి ఒక్కోసారి అంతే చాలు.

పడిపోవడం గురించి కూడా అడిగారు. ఈ విషయంలో న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం రూపొందించిన కార్యక్రమం పేరున్నది. 80 ఏళ్ళు దాటిన స్త్రీలకు ఇంట్లోనే కాళ్ళ బరువుల వ్యాయామం, తూలిపోకుండా నిలబడే నిలకడ సాధన నేర్పితే పడిపోవడాలు తగ్గాయని 1997లో వాళ్ళు ప్రచురించారు. ఆ తర్వాత చాలా దేశాల్లో ఇలాంటి పరీక్షలు జరిగాయి. 2019లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ అటువంటి 108 పరీక్షలను, 23 వేలకు పైగా మనుషులను కలిపి చూసి, వ్యాయామంతో పడిపోవడాలు 23 శాతం తగ్గుతాయని తేల్చింది. ఆ మేలు ప్రధానంగా నిలకడను పరీక్షించే వ్యాయామాల వల్ల వచ్చింది. నడక ఒక్కటే చేయించిన పరీక్షల నుంచి అటువంటి గట్టి రుజువు దొరకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్గదర్శకాల్లో 65 దాటినవారికి వారానికి 150 నిమిషాల నడకలాంటి శ్రమతో పాటు, వారంలో కనీసం మూడు రోజులు నిలకడకూ బలానికీ సాధన ఉండాలని చెప్పింది. మన ఊళ్ళలో ఆ మొదటి సగమే ప్రచారమైంది.

నాన్నగారికి టైము లేదంటున్నారు కదా, ఆ గంటలోంచే కొంత తీయండి. సగటున 72 ఏళ్ళ వయసున్న 16,741 మంది అమెరికన్ స్త్రీల అడుగులు లెక్కపెట్టిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 వేసేవారిలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. అది పరిశీలన మాత్రమే. ఆరోగ్యం బాగున్నవారే ఎక్కువ నడుస్తారన్న అభ్యంతరం దానికి ఉంది. అయినా పది వేల అడుగుల మొక్కుబడి అక్కర్లేదని చెప్పడానికి పనికొస్తుంది. వారానికి మూడు రోజులు నడకలో ఇరవై నిమిషాలు తగ్గించి కాళ్ళ బలానికి ఇస్తే నష్టమేమీ లేదు.

ఇంకొకటి. ఇవి చేస్తే వందేళ్ళు బతుకుతారని మాత్రం ఆయనకు ఆశ పెట్టకండి. నార్వేలోని ట్రాన్‌హైమ్ నగరంలో 70 నుంచి 77 ఏళ్ళ వయసువారిని 1,567 మందిని ఐదేళ్ళు గమనించారు. పర్యవేక్షణలో వ్యాయామం చేసినవారికీ, మామూలు సలహాతో సరిపెట్టినవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ రెండో జట్టు కూడా సొంతంగా బాగానే వ్యాయామం చేసిందట, అది వేరే సంగతి. నాకు నచ్చిన పరీక్ష 2014లో అమెరికాలో వచ్చినది. అందులో వాళ్ళు ఆయుర్దాయాన్ని కొలవలేదు. 400 మీటర్లు ఎవరి సాయం లేకుండా నడవగలరా అన్నదే ప్రశ్న. 70 నుంచి 89 ఏళ్ళ వయసువారు 1,635 మంది పాల్గొన్నారు. సగటున రెండున్నరేళ్ళకు పైగా గమనిస్తే, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారిలో 35.5 శాతం ఆ నడక కోల్పోయారు. నడకతో పాటు బలం, నిలకడ సాధన చేసినవారిలో అది 30.1 శాతం. తేడా చిన్నదే, కానీ నిజమైనది. నాకు ఇలాంటి నిరాడంబరమైన ఫలితాల మీదే నమ్మకం ఎక్కువ.

ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడండి. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, నాన్నగారిని చేతులు గుండెల మీద కట్టుకుని కూర్చోమనండి. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీరు పక్కనే నిలబడాలి. 70 నుంచి 74 ఏళ్ళ మగవారు 12 కంటే తక్కువసార్లు లేస్తే, ఆ వయసు ఆడవారు 10 కంటే తక్కువసార్లు లేస్తే సగటు కంటే తక్కువని అమెరికా ఆరోగ్య శాఖ పట్టిక చెబుతుంది. చేతులు ఆనిస్తే సున్నా కిందే లెక్క. నెలకోసారి క్యాలెండరు మీద రాసుకుంటే, వ్యాయామం పనిచేస్తోందో లేదో ఎవరినీ అడగనక్కర్లేదు.

ఒప్పించడం అసలైన కష్టం. "జన్మంతా ఇంటి చాకిరీ చేశాను, ఇప్పుడు నాకు కసరత్తులా?" అని అమ్మ ఎదురుతిరిగింది. పరిశోధనల మాటలు చెబితే ఆవులించింది. ఆమెను కదిలించింది పల్లెవెలుగు బస్సు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కి చెల్లెలి ఊరు వెళ్ళాలని ఆమె కోరిక. ఆ బస్సు మొదటి మెట్టు ఎంత ఎత్తుంటుందో మీకు తెలుసు. మెట్టు ఎత్తు కొలిచి, పీట మీద ఎక్కి దిగడం మొదలుపెట్టించాం. పాలు కాగేలోపు వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, ఒంటికాలి మీద నిలబడటం ఆమె తనకు తానే కలుపుకుంది. మీ నాన్నగారికి కూడా ఏదో ఒక బస్సు ఉంటుంది, అడిగి తెలుసుకోండి.

తిండి సంగతి చిన్నమాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ప్రమాణాల ప్రకారం పెద్దలకు కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. వృద్ధులకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా ఉంటే మేలని అంతర్జాతీయ నిపుణుల బృందం 2013లో సూచించింది. పొద్దున రెండు ఇడ్లీలు, రాత్రి చారన్నంతో అది రాదు. పెసరట్టు, గుడ్డు, ముద్దపప్పు, గడ్డ పెరుగు, చేపలు, వీటిలో ఆయన తినేవి పెంచండి. షుగరు ఉంది కాబట్టి ముందుగా మూత్రపిండాల పరీక్ష చూపించి డాక్టరును అడగండి.

మొదలుపెట్టే ముందు బీపీ చూపించండి. ఈ మధ్య కంటి శుక్లాల ఆపరేషన్ గానీ, హెర్నియా గానీ ఉంటే ఫిజియోథెరపిస్టుకు ముందే చెప్పండి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు; పైకి అంకెలు లెక్కపెట్టమంటే బిగబట్టడం కుదరదు. మర్నాడు తొడలు పట్టేసినట్టుంటే కంగారు పడకండి, రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మోకాలు వాచినా, కీలు లోపల పొడిచినట్టు నొప్పి వచ్చినా ఆ వ్యాయామం ఆపి, ఎత్తు పెంచిన కుర్చీ నుంచి మళ్ళీ మొదలుపెట్టమని అడగండి. ఛాతీలో బిగింపు, కళ్ళు తిరగడం ఉంటే ఆ పూటే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.