మొక్కుకుని పెట్టిన పేరును కొడుకు మార్చుకుంటానంటున్నాడు

హనుమకొండ నుంచి ఉత్తరం రాసిన విశ్రాంత ఉపాధ్యాయులు గారికి నమస్కారం.

పాఠకుల కోసం మీ సమస్యను ముందుగా క్లుప్తంగా చెబుతాను. పుట్టిన పిల్లలు దక్కకపోవడంతో మీ భార్య మేడారం తల్లులైన సమ్మక్క, సారలమ్మలకు మొక్కుకున్నారు. కొడుకు పుట్టాక సమ్మయ్య అని పేరు పెట్టి, ఆ తర్వాతి జాతరలో గద్దెల దగ్గర నిలువెత్తు బంగారం, అంటే అతని బరువుకు సరితూగే బెల్లం, సమర్పించి మొక్కు తీర్చుకున్నారు. ఇప్పుడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న ఆ అబ్బాయి, అక్కడ తన పేరును ఎవరూ సరిగ్గా పలకడం లేదని, అధికారికంగానే 'శామ్' అని మార్చుకుంటానని, ఇక్కడ చేయవలసిన అఫిడవిట్టు, పత్రికా ప్రకటన, గెజెట్టు పనులు మీరే చూడాలని అడిగాడు. మీకు కోపం వచ్చింది. మీ భార్య ఆనాటి నుంచి కొడుకుతో ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. ఈ పనికి పూనుకోవాలా, వద్దా అని మీరు అడుగుతున్నారు. (పేరు రాయవచ్చని మీరే అన్నారు. మన జిల్లాల్లో ఏ బడి హాజరు పట్టీ తెరిచినా ఒక సమ్మయ్యో సారయ్యో కనిపిస్తాడు కనుక ఆనవాలు బయటపడుతుందన్న భయం లేదు.)

మీ అబ్బాయి చెబుతున్న ఇబ్బందిని ముందు నమ్మండి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, అందులో సగం పలకడానికి సంబంధించింది కాదు, కాగితాలకు సంబంధించింది. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు ఉండవలసిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అనే మూడక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదని దాని భావం. ఆ మూడక్షరాలు అక్కడి నుంచి డ్రైవింగ్ లైసెన్సుకూ ఆసుపత్రి రికార్డుకూ పాకుతాయి. ఆసుపత్రిలో నర్సు బయటకు వచ్చి 'ఫ్నూ, ఫ్నూ' అని పిలుస్తుంటే అది తననేనని గ్రహించి లేచి వెళ్లవలసి వచ్చిన మనిషికి, పేరు మీద విసుగు పుట్టడంలో ఆశ్చర్యం లేదు. అయితే దీనికి పేరు మార్చుకోనక్కర లేదు. ఉన్న పేరునే ఇంటిపేరు, పేరు అని రెండు గడుల్లోకి విడదీయించి పాస్‌పోర్టు మళ్లీ తీసుకుంటే సరిపోతుంది. పేరే మార్చుకుంటే మాత్రం పదో తరగతి మెమో నుంచి డిగ్రీ పట్టా దాకా ప్రతిచోటా సమ్మయ్య, శామ్ ఇద్దరూ ఒక్కరేనని రుజువు చూపిస్తూ తిరగాలి. ఇక ఆఫీసులో శామ్ అని పిలిపించుకోవడానికి గెజెట్టుతో పనే లేదు. అక్కడి చాలా సంస్థల్లో జీతం కాగితంలో ఒక పేరు, పిలుపుకు మరో పేరు ఉంచుకునే వీలుంది.

పలకడం విషయంలో అక్కడివాళ్లను కూడా పూర్తిగా తప్పుపట్టలేం. మనం చివర 'ఏ ఐ ఏ హెచ్' అని రాసే అయ్యను వాళ్లు బైబిలు పేరైన 'ఐజేయా' లాగా చదువుతారు, అందుకే మీవాడు 'సమేయా' అయ్యాడు. ఇంగ్లీషులో ఒక మాట మధ్యలో హల్లును ఒత్తి పలికే అలవాటు కూడా లేదు. అయినా వాళ్ల నోటికే వచ్చిన 'సమ్', 'మై', 'యా' అన్న మూడు మాటలను వరుసగా అనమంటే, మన సమ్మయ్యకు చాలా దగ్గరగా అంటారు. పరిచయమైన రోజే నవ్వుతూ ఈ కిటుకు చెప్పమనండి. ఉద్యోగుల పరిచయ వేదిక అయిన లింక్డ్ఇన్‌లో పేరును తన గొంతుతోనే పది సెకన్లలోపు రికార్డు చేసి పెట్టుకోవచ్చు. చెప్పిన తర్వాత కూడా తప్పు పలికేవారిలో నోరు తిరగనివారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఏళ్ల తరబడి పక్క కుర్చీలో కూర్చుని ఒక్కసారీ అడగనివారిది మాత్రం నిర్లక్ష్యమే. వారిని మీ అబ్బాయి మర్యాదగా సరిదిద్దవచ్చు, అందులో సంకోచించవలసింది ఏమీ లేదు.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటి మీ ఉత్తరం చివరలో ఉంది, దాన్ని మీరు అంతగా గమనించినట్లు లేదు. హైదరాబాదు హాస్టలులో ఇంటర్ చదువుతున్నప్పుడే అబ్బాయి ఒకసారి పేరు మార్చమని అడిగాడని, మీరు నవ్వి ఊరుకున్నారని రాశారు. అప్పటికి అతను అమెరికా ముఖం చూడలేదు. తెలుగు తప్ప మరో భాష ఇంట్లో వినని పిల్లలే అతని చుట్టూ ఉన్నారు, వాళ్లందరికీ సమ్మయ్య అనడం చక్కగా వచ్చు. మరి అక్కడ ఏమైంది? నాకు తోచింది చెబుతాను. మల్లయ్య, కొమురయ్య, ఓదెలు, సమ్మయ్య వంటి పేర్లను పట్నం బడుల్లోనూ, సినిమా హాస్యంలోనూ పల్లెటూరి గుర్తుగా, తక్కువ కులపు గుర్తుగా వాడుకుని నవ్వడం మన మధ్య చాలాకాలంగా ఉంది. అమెరికా బడుల్లో పిల్లల పేర్లను ఖూనీ చేయడం గురించి రీటా కోలీ, డేనియల్ సొలోర్జానో అనే విద్యా పరిశోధకులు 2012లో రాసినప్పుడు, ఆ అనుభవం పిల్లలను తమ ఇంటి సంస్కృతి పట్లే సిగ్గుపడేలా చేస్తుందని గుర్తించారు. అలాంటి గాయం మీ అబ్బాయికి టెక్సాస్ కంటే ముందు ఇక్కడే తగిలి ఉండవచ్చు. అదే నిజమైతే, టెక్సాస్‌వాళ్లు రేపటి నుంచి అచ్చంగా మనలాగే పలికినా అతని బాధ తీరదు. కాబట్టి 'పేరు ఎందుకు మారుస్తావు' అని నిలదీయకుండా, 'హాస్టలులో నిన్ను ఎవరేమన్నారు' అని అడగండి. జవాబు ఆ రోజే రాకపోవచ్చు. ఆనాడు నవ్వి ఊరుకున్నందుకు మీరు బాధపడుతున్నట్లయితే, ఆ మాట కూడా అతనితో అనండి.

మీ భార్యగారికి ఒక మాట. మొక్కు ఆ రోజు గద్దెల దగ్గర బెల్లం సమర్పించడంతోనే తీరిపోయింది, కొడుకు పేరు మార్చుకుంటే తల్లులకు కోపం వస్తుందని భయపడనక్కర లేదు. తనకంటే ముందు పుట్టి దక్కని బిడ్డల సంగతి అబ్బాయికి ఎప్పుడూ చెప్పలేదని మీరు రాశారు. అతనికి ముప్పై ఏళ్లు వచ్చాయి, తెలుసుకోవలసిన విషయమే. అమ్మ నోటి నుంచే తెలియనివ్వండి. కాని 'అంత కష్టపడి పెట్టిన పేరు నీకు బరువైందా' అన్న దెప్పిపొడుపు దానికి తోడు కావద్దు. అలా అంటే అతను పేరు ఉంచుకుంటాడేమో కానీ ఫోను చేయడం తగ్గిస్తాడు.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. అతను మేజరు, పేరు మార్చుకోవడానికి చట్టానికి మీ సమ్మతి అవసరం లేదు. పత్రాల పని ఏ ఏజెంటుకో డబ్బులిచ్చి చేయించుకోగలిగినవాడు మిమ్మల్నే అడిగాడంటే, మీరు కాదనరన్న ఆశతోనే అడిగాడని నేను అనుకుంటున్నాను. ముందు పాస్‌పోర్టులో గడుల సంగతి చక్కబెట్టుకోమనండి, ఆఫీసులో తనకు నచ్చినట్టు పిలిపించుకోమనండి, గెజెట్టు సంగతి అతను ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందామనండి. అప్పటికీ మార్చుకుంటాననే అంటే, మీరే వెంట ఉండి ఆ పని చేయించండి. ఇంట్లో మాత్రం తాము సమ్మయ్య అనే పిలుస్తామని అమ్మానాన్నలు ముందుగానే చెప్పుకోవడంలో తప్పేమీ లేదు.