5.1 ఫైల్‌లో గొంతు కుడి స్పీకర్‌లో వస్తోందంటే

ఆడాసిటీ (ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్)లో ఎక్స్‌పోర్ట్ చేసిన మీ 5.1 ఫైల్, అంటే ఆరు ఛానెళ్ల సరౌండ్ ఆడియో, తప్పు స్పీకర్లలో వస్తోందని అడిగారు. ఛానెళ్ల వరుస తప్పింది. ఎన్‌కోడర్ (ఆడియోని ఫైల్‌గా కుదించే భాగం) తప్పు కాదు, హోమ్ థియేటర్ తప్పూ కాదు. తిరుపతి గంగమ్మ జాతర రికార్డింగ్‌లో పాట కుడి స్పీకర్‌లో, వూఫర్ మోత వెనక కుడివైపు వస్తోందన్నారు కదా, అదే గుర్తు. మీ 6 ట్రాకులూ ఎడమ, మధ్య, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, వూఫర్ అనే సినిమా వరుసలో ఉన్నాయి.

ఆడాసిటీలో ఏసీ3కి (డాల్బీ సరౌండ్ ఫైల్ ఫార్మాట్) కావాల్సిన వరుస ఇది:

1. ఎడమ
2. కుడి
3. మధ్య (పాట ఇక్కడ)
4. వూఫర్
5. వెనక ఎడమ
6. వెనక కుడి

ట్రాకుల్ని పైనుంచి కిందికి ఇలా జరపండి. ఎక్స్‌పోర్ట్‌లో స్టీరియో వదిలేసి కస్టమ్ మ్యాపింగ్ ఎంచుకోండి. అందరూ వదిలేసేది తర్వాతి మెట్టే: కాన్ఫిగర్ నొక్కి, అవుట్‌పుట్ ఛానెళ్లు 6కి పెంచి, ట్రాకుల్ని ఛానెళ్లకి కలిపే గీతల్లో ఏది ఎక్కడికి పోతోందో కళ్లతో చూడాలి. రెండు గీతలు ఒకే ఛానెల్‌లో కలిస్తే డప్పులన్నీ ముద్దయిపోతాయి.

ప్రాజెక్ట్ 48000 హెర్ట్జ్, బిట్‌రేట్ 448 కేబీపీఎస్ చాలు. 640 దాకా పెట్టొచ్చు గానీ ఫోన్ రికార్డింగ్‌కి దండగ.

జాతర మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసే ముందు ఒక్కో ట్రాక్‌లో "ఎడమ", "కుడి" అని వంతులవారీగా చెప్పి చిన్న ఫైల్ వాయించి చూడండి. వూఫర్‌లో మాట సరిగా వినపడదు, టెన్షన్ వద్దు.