పద్నాలుగు ఆల్బమ్‌లు, ఒక శివరాత్రి

తమ్ముడూ,

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన "ఈ నెల నాకు నచ్చిన మెటల్, రాక్ ఆల్బమ్‌లు" వ్యాసమూ అందాయి. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను, ఏమనుకోకు. మొత్తం పద్నాలుగు ఆల్బమ్‌లు, ఒక్కోదానికి మూడేసి వాక్యాలు. "ఊచకోత" అనే మాట ఆరుసార్లు వచ్చింది, "గూస్‌బంప్స్" నాలుగుసార్లు. "నెక్స్ట్ లెవెల్" ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మధ్యలో మానేశాను. ఒకే నెలలో ఆరు ఊచకోతలు జరిగితే పాఠకుడు ముందు ఏది వినాలి, నువ్వే చెప్పు.

ఐదో ఆల్బమ్ దగ్గర రాసిన వాక్యం నీది కాదు. అది ఆల్బమ్‌తో పాటు కంపెనీవాళ్ళు పంపే ప్రచారపు కాగితంలోది, తెలుగులోకి దించావు. తిట్టడానికి చెప్పడం లేదు. ఇలాంటి నెలవారీ జాబితాలు రాయడం మొదలుపెట్టిన మొదటి రెండేళ్ళు నేనూ అదే పని చేశాను కాబట్టి ఆ వాసన వెంటనే తగులుతుంది. ఆ కాగితాల్లో ప్రతి బ్యాండూ "ఇంతవరకూ చేసినవాటిలో ఇదే అత్యంత బరువైనది" అంటుంది. మూడో ఆల్బమ్‌కీ అదే మాట, పదమూడో ఆల్బమ్‌కీ అదే మాట.

చిన్న లెక్క వేద్దాం. ఒక్కో ఆల్బమ్ సగటున 45 నిమిషాలు అనుకుంటే పద్నాలుగింటికి పదిన్నర గంటలు. ఇది ఒక్కసారి వినడానికే. మూడేసిసార్లు వింటే ముప్పై గంటలు దాటుతుంది. సెమిస్టర్ పరీక్షలు జరుగుతున్నాయని కూడా అదే ఉత్తరంలో రాశావు. కాబట్టి వీటిలో చాలావాటిని ఒక్కసారే విన్నావని, రెండు మూడింటిని సగంలో ఆపేశావని అనుకుంటున్నాను. తప్పయితే కోప్పడు.

ఒక్కసారి విన్నదాని గురించి రాస్తే ఏమవుతుందో నా విషయంలో జరిగింది చెప్తాను. 2024 మార్చి నెల జాబితా అది. ఇప్పటికీ దాన్ని తీసి చదవాలంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది.

నీకు తెలిసే ఉంటుంది, 2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారమే వస్తాయి. అంతకుముందు అమెరికాలో మంగళవారం, ఇంగ్లండ్‌లో సోమవారం. ఆ మార్చిలో ఐదు శుక్రవారాలు పడ్డాయి. ఒకటో తారీఖునే ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బ్యాండు గాయకుడు బ్రూస్ డికిన్సన్ సొంత ఆల్బమ్ 'ది మాండ్రేక్ ప్రాజెక్ట్' వచ్చింది. 2005 తర్వాత ఆయన సొంతంగా చేసిన ఆల్బమ్ అదే, పందొమ్మిదేళ్ళ ఎదురుచూపు. నేను మొదటి స్థానం దానికే ఇచ్చేశాను. ఎందుకిచ్చానో తెలుసా? 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ వాయించినప్పుడు కాచిగూడలో రాత్రి బండెక్కి వెళ్ళి చూసినవాణ్ణి నేను. ఆ పేరా రాసింది నా చెవి కాదు, పర్సులో దాచుకున్న ఆ టికెట్ ముక్క. అందులో 'ఎటర్నిటీ హాజ్ ఫెయిల్డ్' అనే పాట ఉంది. 2015లో ఐరన్ మెయిడెన్ 'ది బుక్ ఆఫ్ సోల్స్' ఆల్బమ్‌కి మొదటి పాటగా వచ్చినదాన్నే కొంచెం మార్చి మళ్ళీ పాడారు. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి వింటే ఎంత రాయొచ్చు! నేను "అద్భుతమైన ఓపెనింగ్" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. అది ఆ ఆల్బమ్‌లో మొదటి పాట కూడా కాదు. పాఠకుడొకరు ఉత్తరం రాసి చెప్తే తెలిసింది.

రెండో శుక్రవారం మార్చి 8. ఆ రోజు మహాశివరాత్రి. జూడస్ ప్రీస్ట్ అనే హెవీ మెటల్ బ్యాండు ఆల్బమ్ 'ఇన్విన్సిబుల్ షీల్డ్' వచ్చింది. ఇంట్లోవాళ్ళు జాగారానికి గుడికి వెళ్ళారు. నేను వరండాలో కుర్చీ వేసుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. పాటకీ పాటకీ మధ్య గుడి మైకులోంచి "హర హర మహాదేవ" వినిపిస్తోంది. తెల్లవారేలోపు ఆల్బమ్ మొత్తం మూడుసార్లు విన్నాను. ఆ నెలలో నేను సరిగ్గా రాసిన పేరా ఏదైనా ఉందంటే అదే. అది కూడా నిద్రపోకుండా ఉండాల్సి రావడం వల్ల కుదిరింది.

మొదటిసారి విన్నప్పుడు నాకు తోచింది అందరికీ తోచేదే. 72 ఏళ్ళ గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ గొంతు ఇంకా పైకి వెళ్తోంది, గొప్ప కదా అని. రెండోసారికి 'పానిక్ అటాక్' అనే పాట మొదట్లో వచ్చే ఆ సింథ్ లాంటి గిటార్ ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. అది 1986లో వాళ్ళే చేసిన 'టర్బో' ఆల్బమ్ రోజుల చప్పుడు. అప్పట్లో అభిమానులు తిట్టిపోసిన చప్పుడునే ఇప్పుడు ధైర్యంగా తలుపు దగ్గర నిలబెట్టారు. మూడోసారికి గానీ అసలు సంగతి పట్టుబడలేదు. హాల్ఫర్డ్ పైస్థాయిలో వేసే ఆ కేకని చాలా పొదుపుగా వాడాడు. పాటలో ఎక్కువ భాగం మధ్య స్థాయిలోనే నడిపి, ఎక్కడ అవసరమో అక్కడే పైకి లేపుతాడు. మన పెద్ద విద్వాంసులు వయసు మీదపడ్డాక తారస్థాయిని ఎలా దాచుకుని వాడతారో అచ్చం అలాగే. మొదటిసారే రాసి ఉంటే "వయసు మీద పడినా తగ్గని గొంతు" అని రాసేవాణ్ణి. అది అబద్ధం కాదు, అలాగని విషయమూ కాదు.

ఆ బ్యాండులో ఇద్దరు గిటారిస్టుల సంగతి నీకు తెలుసు. గ్లెన్ టిప్టన్ తనకి పార్కిన్సన్స్ జబ్బు ఉందని 2018లో బయటపెట్టాడు. రిచీ ఫాక్‌నర్‌కి 2021 సెప్టెంబర్‌లో స్టేజీ మీద వాయిస్తుండగానే గుండె దగ్గరి పెద్ద రక్తనాళం చిట్లింది, అయినా పాట పూర్తి చేశాడు. ఇలాంటివి దొరికితే మనకి చేతులు ఊరతాయి. పేరా మొత్తం వాటితోనే నింపేయబుద్ధవుతుంది. ఒక వాక్యం చాలు. జబ్బు గురించి చదివి పాఠకుడు కరిగిపోతాడు గానీ, గిటార్ ఎలా ఉందో అతనికి తెలియదు.

పదిహేనో తారీఖున బ్లాక్ క్రోస్ అనే రాక్ బ్యాండు ఆల్బమ్ వచ్చింది. బాగుంది, వంట చేసుకుంటూ విన్నాను. ఆ ఒక్క ముక్కే రాశాను, ఇప్పుడూ దానికి ఇంకేమీ కలపను.

అసలు తప్పు నాలుగో శుక్రవారం జరిగింది.

మార్చి 22న ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల నుంచి హామ్‌ఫెర్ద్ అనే బ్యాండు కొత్త ఆల్బమ్ వచ్చింది. ఆ ఆల్బమ్ పేరుకి దేవుడి చెయ్యి బలమైనదనే అర్థం వస్తుందని తర్వాత తెలిసింది. వాళ్ళది డూమ్ మెటల్, నత్తనడక. నేను ఒకసారి, అదీ బస్సులో, ఫోను స్పీకర్లో విన్నాను. జాబితా చివర్లో ఇలా రాశాను: "నెమ్మదిగా సాగుతుంది, ఓపిక ఉన్నవాళ్ళు వినండి." అంతే.

ఆగస్టులో ఒక రాత్రి కరెంటు పోయింది. ఫోన్లో డౌన్‌లోడ్ అయి ఉన్నది అదొక్కటే. చీకట్లో, ఈసారి హెడ్‌ఫోన్స్‌తో పెట్టాను. 1915లో సాండ్విక్ అనే ఊరి దగ్గర తిమింగలాల వేటకు వెళ్ళిన పడవలు బోల్తాపడి మనుషులు పోయారు. ఆల్బమ్ అంతా ఆ రోజు గురించే. పాడేది ఫారోయీ భాషలో. ఆ దీవుల జనాభా 54 వేలు అటూ ఇటూ, మన దగ్గర ఒక మండలమంత. నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. కానీ ఆ గాయకుడు గర్జించడం ఆపి మామూలు గొంతుతో పాడే చోట్ల నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడది నాగాయలంక వైపు. 1977 నవంబర్ ఉప్పెన గురించి చెప్పేటప్పుడు ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. ఎవరెవరు పోయారో, ఎవరి గొడ్లు పోయాయో, ఏ చెట్టు పట్టుకుని ఎవరు మిగిలారో, బియ్యం లెక్క చెప్పినట్టు చెప్పేది. ఏడ్చేది మేమే. ఆ గొంతు ఇక్కడ మళ్ళీ వినిపించింది. నాలుగు నెలల కిందట నేను ఇదే ఆల్బమ్‌ని "ఓపిక ఉన్నవాళ్ళు వినండి" అని తోసేశాను.

బస్సులో నాకు అది ఎందుకు వినపడలేదో చెప్పడం తేలిక. బేస్ గిటార్ కింది తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. ఫోను స్పీకరు అంత కిందికి దిగలేదు. డూమ్ మెటల్ నిలబడేదే ఆ అడుగున. పునాది తీసేసి ఇల్లు బాగాలేదన్నట్టుంది నా రాత. కాబట్టి నీ పద్నాలుగింట్లో ఏది దేంట్లో విన్నావో నీ నోటుబుక్కులో పక్కన రాసుకో. వ్యాసంలో అక్కర్లేదు, నీకోసం.

ఐదో శుక్రవారం 29న సమ్ 41 అనే రాక్ బ్యాండు వాళ్ళది వచ్చింది. ఇరవై పాటల డబుల్ ఆల్బమ్, తమ చివరిదని ముందే చెప్పి విడుదల చేశారు. నా చేతిలో ఉన్నది రెండు రోజులు. రెండు వాక్యాలు రాశాను. ఇప్పుడైతే వచ్చే నెలకి తోసేస్తాను. నెలాఖరు శుక్రవారం వచ్చిన ఆల్బమ్‌కి ప్రతిసారీ అన్యాయం జరుగుతుంది, చూస్తూ ఉండు.

ఇక నీ భాష. "హెవీ మెటల్" అని రాయాలా, "భారలోహ సంగీతం" అనాలా అని అడిగావు. దయచేసి మొదటిదే రాయి. భారలోహాలంటే మనవాళ్ళకి బోరు నీళ్ళలో ఆర్సెనిక్ గుర్తొస్తుంది. పాటలో మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే గిటార్ ముక్కని రిఫ్ అనే అను, సోలోని సోలో అను. కానీ ఆ రిఫ్ ఏం చేస్తోందో చెప్పేటప్పుడు మాత్రం నీ దగ్గరున్న మాటలు వాడు. అరచేతి అంచు తీగల మీద ఆనించి మీటితే వచ్చే ఆ కుదించిన చప్పుడుని ఇంగ్లీషువాళ్ళు ఏమంటారో నీకు తెలుసు. నాకైతే తడిసిన గోనెసంచి మీద దుడ్డుకర్రతో కొట్టినట్టు ఉంటుంది. నీకు ఇంకేదో అనిపించొచ్చు. అది రాయి. డబుల్ బేస్ డ్రమ్స్‌ని "మెషిన్ గన్" అని నువ్వు రాశావు. ఆ పోలికని ఎవరెవరో వాడి అరగదీశారు. బోనాలప్పుడు మీ వీధిలో డప్పు వింటూ పెరిగినవాడివి, దరువు ఎక్కడ మారుతుందో నీకు తెలియదా?

చెవి విషయంలో కూడా అంతే. ఒకచోట ఒక రిఫ్‌ని "సైతాను స్వరం" అన్నావు. చదివి రాశావు, విని కాదు. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాటకి గిటారిస్టు టోనీ అయోమీ వాయించిన మూడు స్వరాల దగ్గర మొదలైంది ఆ కథంతా. షడ్జం, పై షడ్జం, అక్కణ్ణుంచి దిగి ప్రతి మధ్యమం మీద ఆగడం. పడమటివాళ్ళకి స్వరాల మధ్య ఆ దూరం దెయ్యపుది. మనకది కల్యాణి రాగంలో పొద్దస్తమానం వినపడే మధ్యమం, పెళ్ళి నాదస్వరంలో కూడా ఉంటుంది. మరి అదే స్వరం అయోమీ చేతిలో ఎందుకు వణికిస్తుంది? స్వరం వల్ల కాదేమో. ఎంత నెమ్మదిగా వస్తుందో, దాని చుట్టూ ఎంత ఖాళీ ఉందో, వెనక వర్షం చప్పుడూ గంటా ఎలా ఉన్నాయో, వాటివల్ల కావచ్చు. నీ మేనత్త దగ్గర సంగీతం నేర్చుకున్నానని రాశావు కదా. ఈ ప్రశ్న నువ్వు వేసుకోగలవు. చాలామంది వేసుకోలేరు.

పదకొండోది, హైదరాబాద్ కుర్రాళ్ళ ఆల్బమ్. మనవాళ్ళు కదా అని దానికి నాలుగు వాక్యాలు ఎక్కువ రాశావు, ఒక్క లోపమూ రాయలేదు. హైదరాబాద్‌దే అయిన గాడ్‌లెస్ బ్యాండు 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' తెచ్చినప్పుడు నేనూ అలాగే ఎగిరాను. ఆ ఆల్బమ్‌కి నా ఎగురుడు అవసరం లేదు, డెత్ మెటల్ వినేవాళ్ళెవరి ముందైనా పెట్టొచ్చు. ఊరివాడని మెచ్చుకుంటే అతన్ని తక్కువ చేసినట్టే. నీ పదకొండో ఆల్బమ్ పేరా మళ్ళీ రాయి. డ్రమ్స్ రికార్డింగ్ పలచగా ఉందని నీకూ అనిపించి ఉంటుంది, నాకైతే అనిపించింది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. పద్నాలుగులోంచి పదకొండు తీసెయ్. ఉంచాల్సిన మూడూ ఏవో నేను చెప్పను. అయితే పడుకోబోయే ముందు నువ్వు అనుకోకుండా మళ్ళీ పెట్టుకున్నది ఏదో చూడు. అది జాబితాలో లేకపోయినా ఫర్వాలేదు. మూడింటికీ కలిపి ఆరు వందల మాటలు రాయి. తీసేసిన పదకొండు పేర్లూ చివర్లో ఒకే లైనులో పెట్టు, వినాలనుకున్నవాళ్ళు వింటారు.

నీ వ్యాసంలో పెన్సిల్‌తో గీత గీసి "భేష్" అని రాసిన వాక్యం ఒకటుంది. తొమ్మిదో ఆల్బమ్ దగ్గర, "మూడో పాటలో డ్రమ్మర్ ఒక దెబ్బ ఆలస్యంగా వేస్తాడు, కావాలనే అనుకుంటా" అన్నావు. ఆ ఆల్బమ్ నేను వినలేదు. ఈ రాత్రి వింటాను. ఆ దెబ్బ ఎన్నో నిమిషంలో వస్తుందో తిరుగు టపాలో రాయి. నాకు దొరక్కపోతే రాత్రంతా వెతుక్కుంటూ కూర్చుంటాను, మీ వదిన ఊరుకోదు.

ఉంటాను,
మీ అన్నయ్య