నీటి సదస్సు పెడుతున్న అమ్మలుకి

పర్లాకిమిడి

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

బరంపురం యూనివర్సిటీలో మీరు, విద్యార్థులే కలిసి నీటి పరిశోధనల మీద సదస్సు పెడుతున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషమైందో! ఉద్యోగమంతా భూగర్భజలాల పనిలోనే గడిపినవాణ్ని, ఇలాంటి సభలు చాలా చూశాను. అందుకే నాకు తోచింది రాస్తున్నాను.

ముందు తేదీ. అక్టోబరు వద్దు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే మన తీరం మీద పడ్డాయి. మార్చి 22 ప్రపంచ జల దినోత్సవం కదా అని అందరూ ఆ రోజే సభలు పెడతారు, పిలవదగ్గ వాళ్లెవరూ ఖాళీగా దొరకరు. జనవరి ఆఖరు మంచిది. వానలయ్యాక నవంబరులో పట్టిన నమూనాల ఫలితాలు అప్పటికి చేతికొస్తాయి, వాటిని మే నెల ఫలితాల పక్కన పెట్టి చూపించొచ్చు. ఒక్క సీజన్ అంకెలతో ఏ బావి గురించీ తీర్పు చెప్పలేం.

ఇక అసలు మాట. సదస్సు విద్యార్థులదైతే సమయమూ విద్యార్థులదే కావాలి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, స్వాగతోపన్యాసాలు అయ్యేసరికి పదకొండున్నర దాటుతుంది. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన పిల్లని అప్పుడు లేపి "రెండు నిమిషాల్లో ముగించమ్మా" అంటారు. అది చూసిన ప్రతిసారీ నాకు మనసు కష్టమేసేది. ప్రారంభాన్ని అరగంట దాటనివ్వకు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలిస్తే ఎనిమిది చెప్పడానికి, ఏడు ప్రశ్నలకి. మొదటి ప్రశ్న విద్యార్థే వేయాలి, మాస్టర్లు తర్వాత. శాలువాల డబ్బు దూరం నుంచి వచ్చే పిల్లల బస్సు చార్జీలకివ్వండి.

వ్యాసాల సారాంశాలు అడిగేటప్పుడే నీళ్లు ఎక్కడ పట్టారు, ఎప్పుడు, బోరు లోతెంత, ఏ పద్ధతిలో పరీక్షించారు అన్నవి తప్పనిసరి చెయ్యి. ఫ్లోరైడ్ 1.8 అని ఒక్క అంకె వేసి ఊరుకుంటే లాభం లేదు. మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేనప్పుడు 1.5. ఆ గీతకు అటో ఇటో తేల్చే అంకె కాబట్టి నమూనా గాజు సీసాలో పట్టారా, ప్లాస్టిక్ సీసాలో పట్టారా అన్నదీ అడగాలి. ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ సీసానే వాడాలి.

పూర్తి పట్టికలు పంపినవాళ్ల లెక్క సరిచూసే పని ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలకి అప్పగించు. ధనావేశమున్న కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం ఒకవైపు. రుణావేశమున్న బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్ రెండోవైపు. అన్నీ మిల్లీఈక్వివలెంట్లలోకి, అంటే బరువు బదులు ఆవేశం లెక్కలోకి, మార్చాలి: 40 మిల్లీగ్రాముల కాల్షియం అంటే 2, 122 మిల్లీగ్రాముల బైకార్బొనేట్ అన్నా 2. రెండువైపులా కూడితే దాదాపు సమానం రావాలి. తేడాని రెండింటి మొత్తంతో భాగిస్తే 5 శాతంలోపు ఉంటే నిశ్చింత. 10 దాటితే మళ్లీ పరీక్షించుకోమని ప్రేమగా తిప్పి పంపండి. ఆ చిన్న ఉత్తరం వల్ల ఆ పిల్లాడు నేర్చుకునేది మా ఉపన్యాసాల వల్ల నేర్చుకోడు.

శ్రీకాకుళం వైపు కాలేజీలనీ పిలవండి. వంశధార నది కలహండిలో పుట్టి, గుణుపురం, కాశీనగర్ దాటి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇటువాళ్ల మ్యాపు మాత్రం ఒడిశా-ఆంధ్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, అటువాళ్లది అక్కడ మొదలవుతుంది. ఇద్దరినీ ఒకే సెషన్‌లో కూర్చోబెట్టు. రెండు రాష్ట్రాల నీటి పంపకాల మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. సగం సగమన్న 1962 ఒప్పందం, 2010లో వేసిన ట్రైబ్యునల్, 2017లో అదిచ్చిన తీర్పు బాగా తెలిసిన మాస్టారిని అధ్యక్షులుగా పెట్టు. గొంతులు పెరిగితే ఆయన మాటని కొలతల మీదికి తిప్పాలి: కాశీనగర్ దగ్గర ఏ నెలలో ఎంత ప్రవాహం, ఎలా కొలిచారు?

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పోస్టర్లు తప్పకుండా వస్తాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. "నీళ్లే కారణం" అని తీర్మానించిన పోస్టరుంటే శీర్షిక మార్పించు. డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ల ఇళ్ల పిల్లలు ఆ హాల్లోనే ఉండొచ్చమ్మా. తేలని సంగతిని తేలినట్టు వాళ్లకి చెప్పకూడదు.

ఇంకొకటి. వచ్చేవాళ్లందరినీ ఇంటి బావి నీళ్లో బోరు నీళ్లో ఒక సీసాడు తెమ్మను. సీసాని అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపమని ఆహ్వానంలోనే తెలుగులో, ఒడియాలో రాయండి. గుమ్మం దగ్గర బల్ల మీద ఈసీ మీటరు (నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచేది), పీహెచ్ మీటరు (ఆమ్ల, క్షార గుణం కొలిచేది) పెట్టి మొదటి ఏడాది పిల్లల్ని కూర్చోబెట్టు. పొద్దున్నే 1413 మైక్రోసీమెన్స్ చూపాల్సిన ప్రామాణిక ద్రావణంతో ఈసీ మీటరు సరిచూసుకుని మొదలెట్టాలి. వచ్చిన అంకెలు చీటీ మీద రాసిచ్చి, ఈసీ అంకె ఉప్పదనం సంగతే చెబుతుంది, ఫ్లోరైడ్ సంగతి చెప్పదు అని నోటితోనూ చెప్పాలి. "తాగొచ్చా?" అని అడిగితే, ఈ రెండు మీటర్లతో ఆ మాట చెప్పలేమనే జవాబివ్వాలి.

నేను తప్పకుండా వస్తాను. వేదిక మీద కుర్చీ వద్దు, పోస్టర్ల దగ్గర ఒకటి వేయించు. మోకాళ్లు నిలబడనివ్వడం లేదు గానీ, ప్రతి పోస్టరూ చదవాలని ఉంది.

పెదనాన్న