మంచం సంగతి తరువాత, ముందు సీట్లు చూడు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. సరుకుల వ్యాను ఒకటి కొని, ఇంగ్లండులో మీరు తిరగడానికి, పడుకోవడానికి పనికొచ్చే క్యాంపర్ బండిగా మారుస్తానని నువ్వు పంపిన గీతలన్నీ చూశాను. మంచం ఎలా మడుస్తావో గీశావు, ఫ్రిజ్ ఎక్కడ పెడతావో గీశావు, పైకప్పు నిండా చిన్న చిన్న దీపాలకు చుక్కలు కూడా పెట్టావు. బాగానే ఉంది. ఇంతకీ ఆ బండి ఎక్కేది ఎవరు? నువ్వు, అమ్మాయి, పిల్లలిద్దరు, వేసవిలో విజిటర్ వీసా మీద వచ్చి ఉండే మీ అమ్మ, నాన్నగారు. ఆరుగురు. నీ బొమ్మలో బెల్టున్న సీట్లు ముందున్న మూడే. వెనక అంతా మంచం. లీడ్స్ నుంచి లేక్ డిస్ట్రిక్ట్ దాకా మా అక్కయ్యను మంచం మీద దొర్లించుకుంటూ తీసుకువెళ్తావా?

ఏడాదిలో ఆ బండిలో మీరు పడుకునే రాత్రులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కూర్చుని తిరగడం మాత్రం వారం వారం ఉంటుంది. బర్మింగ్‌హామ్ దగ్గరి టివిడేల్ బాలాజీ గుడికి, సముద్రం ఒడ్డుకు, మాంచెస్టర్ విమానాశ్రయానికి. కాబట్టి ఆరుగురు భద్రంగా, హాయిగా కూర్చునే బండిని ముందు తయారుచెయ్యి. మిగిలిన చోటులో పడక ఎంత పడితే అంత. పైకి లేచే కప్పు వేయిస్తే పిల్లలిద్దరూ పైన, మీరిద్దరూ కింద సర్దుకుంటారు. పెద్దవాళ్లిద్దరికీ దగ్గరలో మంచి గది తీసుకో. ఈ వయసులో వాళ్లు నడుము వంచి మంచం దిగాలా?

బండి ఇంకా కొనలేదు కాబట్టి ఒక మాట. ప్యానెల్ వ్యాను అంటే ముందు మనుషులకు, వెనక సరుకుకు కట్టినది. వెనక కిటికీలు ఉండవు, సీట్లు ఉండవు, వాటిని బిగించే ఏర్పాటు కూడా చాలావాటి నేలలో ఉండదు. అదే వోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్‌లో గాని, ఫోర్డ్ ట్రాన్సిట్ కస్టమ్‌లో గాని, రెండో వరుస సీట్లతో ఫ్యాక్టరీ నుంచే వచ్చే కాంబీ రకాలు ఉంటాయి. ధర ఎక్కువే. అయినా సీట్లు, బెల్టులు, నేల బిగింపులు, కిటికీలు విడివిడిగా వేయించే ఖర్చు కాగితం మీద కూడి చూడు, ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. నన్ను అడిగితే కాంబీయే. లేదు, ప్యానెల్ వ్యానే కావాలంటే పొడుగు రకం తీసుకో. టీ5, టీ6 అనే పాత తరాల్లో పొట్టి ట్రాన్స్‌పోర్టర్ 4.9 మీటర్లు, పొడుగుది 5.3 మీటర్లు. ఆ 40 సెంటీమీటర్లలోనే నీ సామాను అంతా పడుతుంది. ఎత్తు రెండింటిదీ రెండు మీటర్ల లోపే, కానీ ఆ లేచే కప్పు, దాని మీద సోలార్ పలక వేశాక మళ్లీ కొలిచి, ఆ అంకె అద్దం పక్కన రాసి పెట్టుకో. బహుళ అంతస్తుల కారు పార్కుల ముఖద్వారాలకు దయాదాక్షిణ్యాలు ఉండవు.

డీజిల్ బండి అయితే యూరో 6 అనే పొగ కాలుష్య ప్రమాణానికి సరిపోనిది కొనవద్దు. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నీ యూలెజ్ కిందికి, అంటే కాలుష్యం ఎక్కువున్న బండ్లకు రుసుము వేసే ప్రాంతం కిందికి వచ్చాయి. పాత డీజిల్ వ్యానుకు రోజుకు 12.50 పౌండ్లు. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున కూడా 2021 నుంచి ఇలాంటి రుసుమే ఉంది. గుడి ఆ హద్దుకు బయటే ఉందిలే, కానీ ఊళ్లోకి వెళ్లకుండా ఉంటావా?

ఇక సీట్లు. ఇక్కడ కాస్త నిదానంగా చదువు. పాత సామాను దుకాణంలో ఏదో కారు సీటు తెచ్చి, ప్లైవుడ్ మీదుగా నాలుగు బోల్టులు దించి, కింద వాషర్లు వేస్తే గట్టిగానే కనిపిస్తుంది. చేత్తో ఊపితే కదలదు. కానీ ప్రయాణికుల వాహనాలకు, అంటే ఎమ్1 వర్గానికి, బెల్టు బిగింపులను ఎలా పరీక్షిస్తారో తెలుసా? ఒక్కో సీటు దగ్గర నడుము పట్టీని, భుజం పట్టీని ఒకేసారి చెరి 13,500 న్యూటన్ల బలంతో లాగుతారు. అంటే ఒక్కో పట్టీకి సుమారు 1,375 కిలోల బరువు. బెల్టు సీటుకే అమర్చి ఉంటే, దాని మీద సీటు బరువుకు ఇరవై రెట్లు అదనం. వ్యాను నేల ఏమో పలచని రేకు. ఆ బలానికి వాషర్లు రేకును చీల్చుకుని పైకి వస్తాయి, సీటు మనిషితో సహా ముందుకు పోతుంది. ముందు సీట్లో ఉన్నది నువ్వే.

అందుకని నీ వ్యాను మోడల్‌కే, దాని నేలకే, ఆ బిగింపు పద్ధతితోనే లాగి పరీక్షించిన సీటు కొను. మడిస్తే సీటు, పరిస్తే పడక అయ్యే రకాల్లో కూడా ముగ్గురికి బెల్టులతో పరీక్ష నెగ్గినవి దొరుకుతాయి. "ఎమ్1 పరీక్షకు తగినట్టు చేశాం" అన్న మాట వేరు, పరీక్ష పత్రం చూపించడం వేరు. పత్రం చూపించనివాడి దగ్గర కొనకు, ఎంత తక్కువకు ఇచ్చినా సరే. బిగింపు కూడా వాళ్ల చేతే చేయించు. ఈ పనిలో నువ్వు స్వయంగా చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి, ఇది ఒక్కటి కాదు.

ముందున్న ఇద్దరి సీటు తీసేసి వెనక్కి తిరిగే ఒంటి సీటు పెడతానన్నావు. చూడటానికి సొగసుగా ఉంటుంది, కానీ ఆరో మనిషి ఎక్కడ? ఆ జంట సీటు ఉండనీ. నడిమి సీటు ఇరుకు, గేరు మోకాలికి తగులుతుంది, కాబట్టి పెద్దవాళ్లకు ఆ కిటికీ పక్కన, లేదా రెండో వరుసలో చోటివ్వు. పిల్లలకు ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే పిల్లల సీటును నేరుగా తగిలించే కొక్కేలు, ఉన్న సీటే చూడు. పన్నెండేళ్లు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, ఈ రెంటిలో ఏది ముందైతే అంతవరకు, పిల్లల సీటు చట్టప్రకారం తప్పనిసరి. పక్కకు తిరిగి ఉన్న బెంచీ మీద బండి నడుస్తుండగా ఎవరినీ కూర్చోనివ్వకు. ఆగాక టీ తాగడానికి అయితే అభ్యంతరం లేదు.

కిటికీలు సీట్ల తరువాతి పని. రేకు కొయ్యడానికి భయపడతారు గాని, లోపలి చట్రాన్ని చూసుకుంటూ కోస్తే కష్టం కాదు. అసలు శత్రువు కోసినప్పుడు రాలే ఇనుప రజను. అది తలుపు సందుల్లో, నేల మూలల్లో చేరి మొదటి చలికాలానికే తుప్పు పుట్టిస్తుంది. కింద దుప్పటి పరిచి, అంతా అయ్యాక అయస్కాంతంతో ఏరి, కోసిన అంచు ప్రతి అంగుళానికీ ప్రైమర్ పూసి, ఆ తరువాతే అద్దం అతికించు. అద్దం మీద "ఈ" ముద్ర ఉందో లేదో చూడు. నల్లటి అద్దాలు వెనక ఎంత గాఢంగానైనా వేసుకోవచ్చు. ముందు తలుపుల అద్దాల నుంచి మాత్రం వెలుతురు కనీసం 70 శాతం లోపలికి రావాలి.

ముందు సీట్లకు, వెనక సరుకు చోటుకు మధ్యలోని అడ్డు రేకు విప్పగానే నీకు ఇంకో సంగతి తెలుస్తుంది. చప్పుడు. వాన పడితే డోలు లోపల కూర్చున్నట్టు ఉంటుంది. రేకు మొత్తానికీ అదురు ఆపే బ్యుటైల్ రబ్బరు పలకలు అంటించి డబ్బు, బరువు రెండూ పెంచుకోకు. పెద్ద పలకల నడుమ, మూడో వంతు మేర అంటించినా రేకు అదురు ఆగుతుంది. చక్రాల మీది భాగానికి మాత్రం నిండుగా వెయ్యి. ఆ పైన నీరు పీల్చని స్పాంజి. తలుపుల అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలు ఉంటాయి, వాటిని మాత్రం మూయకు.

వెనకవాళ్ల చలి గురించి ఎవరూ ఆలోచించరు. ప్యానెల్ వ్యానులో వేడిగాలి ముందు సీట్ల వరకే. జనవరిలో నువ్వు ముందు చొక్కాతో నడుపుతుంటే వెనక మీ నాన్నగారు మఫ్లర్ చుట్టుకుని మౌనంగా కూర్చుంటారు. ఆయన నోరు విప్పి అడిగే రకం కాదని నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు. ఈ పరిమాణం బండికి రెండు కిలోవాట్ల డీజిల్ హీటరు సరిపోతుంది. దాని మంటకు గాలి బయటి నుంచే రావాలి, పొగ బయటికే పోవాలి. ఆ పొగ గొట్టం చివర తలుపు కింద గాని, కిటికీ కింద గాని ఉండకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. కప్పు మీద గాలి మార్గం కూడా పెట్టించు. రాత్రంతా నలుగురు ఊపిరి వదిలితే తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లు కారతాయి, ఆ తడి ఇన్సులేషన్ వెనక చేరితే బయటికి రాదు.

అక్కయ్య మోకాళ్ల సంగతి నీకు తెలుసు. పక్క తలుపు దగ్గర మడత మెట్టు, లోపల చేతికందే పిడి, ఈ రెండూ నీ దీపాలన్నిటికంటే విలువైనవి. యూరప్ నుంచి దిగుమతి అయిన వ్యాన్లలో ఆ తలుపు కుడిపక్కన ఉంటుంది. ఇక్కడ అది నేరుగా రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. ముసలివాళ్లను, పిల్లలను దించే బండికి అది పనికిరాదు.

బరువు విషయం క్లుప్తంగా. టీ28, టీ30, టీ32 అని ఆ పాత తరాల ట్రాన్స్‌పోర్టర్లకు ఉండే పేర్లు మొత్తం అనుమతించిన బరువును చెబుతాయి: 2,800, 3,000, 3,200 కిలోలు. ఆరుగురు మనుషులు, కలప, బ్యాటరీ, నీళ్లు, అమ్మ తెచ్చిన పచ్చళ్లు అన్నీ అందులోనే సరిపోవాలి. ఇరుసులకు విడివిడిగా కూడా పరిమితులు ఉంటాయి. పని సగంలో ఒకసారి, అయ్యాక ఒకసారి బండ్లను తూచే వేబ్రిడ్జ్ మీదికి ఎక్కించు. బీరువాలకు మామూలు ప్లైవుడ్ కాకుండా తేలికపాటి పాప్లర్ రకం వాడు.

కరెంటు. యూరో 6 బండ్లలో చాలావాటి ఆల్టర్నేటర్, అంటే ఇంజిను తిప్పే కరెంటు యంత్రం, తనంతట తాను వోల్టేజీని తగ్గించుకుంటుంది, రెండు బ్యాటరీలను కలిపే పాతకాలపు రిలే పెడితే వెనక వాడకానికి పెట్టే రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు. డీసీ నుంచి డీసీకి మార్చే చార్జరు పెట్టు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టు. రైస్ కుక్కర్ దాని మీద పెట్టుకోవచ్చా అని అమ్మాయి అడిగిందన్నావు. లెక్క ఇదిగో. 500 వాట్ల కుక్కర్ 12 వోల్టుల మీద నష్టాలతో కలిపి 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. అరగంటకు 25 ఆంపియర్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీలో నువ్వు వాడుకోదగినది సగమే, అంటే ఒక్కసారి అన్నం వండితే అందులో సగం అయిపోయింది. కాబట్టి లిథియం తీసుకో, లేదా అన్నం గ్యాసు మీద వండు. లిథియాన్ని సున్నా డిగ్రీల లోపు చార్జి చెయ్యకూడదు, అది సీటు కింద వెచ్చగా ఉండేటట్టు చూడు.

గ్యాసు పెడితే, అది గాలి కంటే బరువైనది కాబట్టి సిలిండరు అరకు అడుగున బయటికి పోయే రంధ్రం ఉండాలి, అర లోపలి వైపు బిగుతుగా మూసి ఉండాలి. చలికాలానికి ప్రొపేన్. బ్యూటేన్ సున్నా దగ్గర మొండికేస్తుంది. గ్యాసు గొట్టాల పని అర్హత ఉన్నవాడికి అప్పగించు. తాలింపు మాత్రం బండి బయటే వెయ్యి. గోడలకు అతికించిన ఆ మెత్తటి గుడ్డలో ఇంగువ వాసన చేరిందంటే మళ్లీ బండి అమ్మేదాకా పోదు.

కాగితాలకు వస్తే, సీట్ల సంఖ్య మారినా, బండి రకం మారినా వీ5సీలో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో, సరిచేయించాలి. దాన్ని "మోటార్ క్యారవాన్" అని రాయించాలని నీకు ఉబలాటంగా ఉంది. బండ్లు రిజిస్టరు చేసే డీవీఎల్ఏ వాళ్లు లోపల సీట్లు, బల్ల, పడక, పొయ్యి, సామాను అరలు బిగించి ఉండటమే కాదు, బయటి రూపం కూడా చూస్తారు. ఒక పక్కనైనా రెండు కిటికీలు, లోపలికి వేరే తలుపు, రెండు పక్కలా క్యాంపర్ తరహా చారలు, పందిరి కడ్డీ, ఎత్తు కప్పు. నీ లేచే కప్పు ఎత్తు కప్పు కింద లెక్కకు రాదు. ఒప్పుకోకపోతే ఎక్కువగా "కిటికీలున్న వ్యాను" అనే రాస్తారు, దానితో కొంపలేమీ మునగవు. ఇన్సూరెన్సువాళ్లకు మాత్రం మొదటి రేకు కొయ్యకముందే చెప్పి, ఫోటోలు దశలవారీగా దాచు. వేగం కూడా మరిచిపోకు. వ్యానుకు, మధ్యలో విభజన లేని ఒంటి రోడ్డు మీద గంటకు 50 మైళ్లు, విభజన ఉన్న జంట రోడ్డు మీద 60. నిజమైన మోటార్ క్యారవాన్‌కు, ఖాళీ బరువు 3.05 టన్నులు మించకపోతే, 60, 70. పని పూర్తయ్యేదాకా వ్యాను వేగంతోనే వెళ్లు.

బావగారు మొన్న ఫోనులో, ఇదే పని విజయవాడలో ఒక సరుకుల వ్యానుకు చేయించవచ్చా అని అడిగారు. వద్దని చెప్పు. అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది.

శనివారం బండి చూడటానికి వెళ్తున్నావు కదా. టార్చి, అయస్కాంతం, టేపు పట్టుకువెళ్లు. కింద పడుకుని డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటోలు తియ్యి, తలుపు దగ్గరి బరువుల ప్లేటు ఫోటో కూడా. అవి నాకు పంపాకే బేరం మాట్లాడు. సీటు ఎంపిక తేలేదాకా నేలకు డ్రిల్లు తగిలించవద్దు.

అత్తయ్య పిల్లలను అడిగానని రాయమంది.

మీ మామయ్య