బంగాళాదుంపలన్నీ ఉడకబెట్టకు తల్లీ

చిన్నీ,

వచ్చే వారం పిల్లలకి ఆస్మాసిస్ (పలచగా ఉన్నవైపు నుంచి చిక్కగా ఉన్నవైపుకి పొర గుండా నీళ్ళు వెళ్ళడం), డిఫ్యూజన్ (అణువులు వాటంతటవే మెల్లగా పరుచుకోవడం) ఇంట్లో వస్తువులతోనే చేసి చూపిస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు, విన్నప్పట్నుంచీ ఒకటే సంతోషం, దాని వెనకే గుబులు, నిద్ర పట్టక లేచి ఇది రాస్తున్నా.

ఎండు ద్రాక్ష నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది, కీరా ముక్కల మీద ఉప్పు చల్లితే నీరు ఊరుతుంది, ఇవి నీకు తెలిసినవే.

బంగాళాదుంప దగ్గరే నా భయం. టీచర్‌గా చేరిన కొత్తలో, తొక్క ఈజీగా వస్తుంది కదా అని దుంపని ముందురోజే ఉడకబెట్టేశా. మధ్యలో గుంట చేసి, తడి పంచదార వేసి, నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి "చూడండి, గుంటలోకి నీళ్ళెక్కుతాయి" అన్నా. ఎంతసేపు చూసినా ఎక్కలేదు. నాకు చెమటలు పట్టేశాయి. లంచ్ బెల్ కొట్టాక ఎవరూ లేరనుకుని రెండు చెంచాల నీళ్ళు నేనే పోసేశా. వెనక బెంచీలో ఒక పాప ఉండిపోయింది, చూసేసింది. ఏమీ అనలేదు, కానీ ఆ ఏడాదంతా నేనేం చెప్పినా తలూపేదే గానీ నా మొహంలోకి చూసేది కాదు, ఇప్పటికీ గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది.

ఉడికిస్తే కణాల పొర పాడైపోతుంది కదా, నీళ్ళని రానిచ్చి పంచదారని ఆపేది ఆ పొరే, అది పోతే పంచదారే బయటికి జారిపోతుంది, ఇంక నీళ్ళెందుకు ఎక్కుతాయి? ఆ రోజు అసలు పాఠం ఆ ఎక్కని దుంపే, నేను దాన్నే దాచేశా. నువ్వు పచ్చిదీ ఉడికిందీ పక్కపక్కనే పెట్టు. ముందు ఇంట్లో ఒకసారి చేసి చూడు, ఏదీ ట్రై చెయ్యకుండా వెళ్ళిపోతావు నువ్వు, నాకు తెలీదా!

డిఫ్యూజన్ చూపించడానికి ఇంకు చుక్క వేసే ముందు గ్లాసులో నీళ్ళు పూర్తిగా నిలకడగా అవ్వనీ. సెంటు వాసన గది అవతలికి వచ్చిందంటే అంతా డిఫ్యూజనే అని మాత్రం చెప్పకు, ఎక్కువగా మోసుకొచ్చేది గాలి కదలికే. కదలని నీళ్ళలో చిన్న అణువులు ఒక మిల్లీమీటరు పోవడానికే సుమారు 8 నిమిషాలు, సెంటీమీటరుకైతే దాదాపు 14 గంటలు, దూరం 10 రెట్లయితే టైం 100 రెట్లు. పిల్లలు ఇది వింటే నోళ్ళు తెరుస్తారు చూడు.

పచ్చి గుడ్డు వెనిగర్‌లో వేసి చూపిస్తే అందరిచేతా సబ్బుతో చేతులు కడిగించు, ఇది మర్చిపోతే ఊరుకోను.

గుంటలో నీళ్ళు ఎంత ఎక్కాయో రాత్రికి ఫోన్ చేసి చెప్పు బంగారం, ఎక్కకపోయినా చెయ్యి.

అత్త